కంపైలర్‌కు తోడు ఎక్కడిది?

ఒకే కమిట్ (కోడ్ చరిత్రలో నమోదైన ఒక నిర్దిష్ట స్థితి) నుంచి తీసిన సోర్స్ కోడ్‌ను రెండు యంత్రాల మీద బిల్డ్ చేశారు, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చారు అనుకుందాం. రెండు చోట్లా కంపైలర్‌ను, అంటే కోడ్‌ను యంత్రం నడిపే బైనరీగా మార్చే ప్రోగ్రామ్‌ను, వెర్షన్ అడిగితే జీసీసీ 12.2.0 అనే సమాధానం వచ్చింది. ఫ్లాగులు ఒకటే, స్క్రిప్టు ఒకటే. అయినా చివరికి వచ్చిన బైనరీల షా-256 హాష్‌లు (ఫైల్‌లో ఒక్క బైట్ మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్యలు) కలవలేదు. బైనరీ లోపలి భాగాలను చూపే రీడెల్ఫ్ అనే సాధనంతో ఆ రెండు ఫైళ్లలోని కామెంట్ అనే విభాగాన్ని తెరిచి చూస్తే, మొదటి దానిలో ‘జీసీసీ: (డెబియన్ 12.2.0-14) 12.2.0’ అనీ, రెండో దానిలో ‘జీసీసీ: (గ్నూ) 12.2.0’ అనీ కనిపిస్తుంది. మొదటిది డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ వారు తమ ప్యాచ్‌లు (చిన్న కోడ్ సవరణలు) వేసి ఇచ్చిన కంపైలర్, రెండోది ఎవరో మూలం నుంచి స్వయంగా కట్టుకున్నది. తేడా ఆ పేరు దగ్గరే ఆగదు. మెమరీలో ఎక్కడ లోడ్ చేసినా నడిచే ‘పై’ తరహా కోడ్‌ను డెబియన్ కంపైలర్ ఎవరూ అడగకుండానే ఉత్పత్తి చేస్తుంది. మూలం నుంచి మామూలుగా కట్టినది, అడిగితే తప్ప చెయ్యదు. అంటే వెర్షన్ సంఖ్య ఒకటే అయినా, ఇవి రెండు వేర్వేరు కంపైలర్లు.

ఈ వ్యాసం ఆ చిక్కు గురించే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ బిల్డ్ చేసినా బైట్ బైట్‌కూ అదే ఫలితం రావాలన్నది రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ అనే మాటకు అర్థం. దీన్ని ‘పునరుత్పాదక’ అని తెనిగిస్తే చదివేవారికి సౌరవిద్యుత్తు గుర్తొస్తుంది కనుక, వాడుకలో ఉన్న మాటనే ఉంచుతున్నాను. ప్రయోజనం సూటిగా ఉంది: మనం డౌన్‌లోడ్ చేసుకునే బైనరీ నిజంగా ప్రకటించిన సోర్స్ నుంచే వచ్చిందా అన్న సంగతిని, తయారు చేసినవారి మాట మీద ఆధారపడకుండా ఎవరికి వారే సరిచూసుకోవచ్చు. అజ్ఞాతంగా వెబ్ చూడడానికి వాడే టార్ బ్రౌజర్ బృందం, డెబియన్ కార్యకర్తలు 2013లో దీన్ని పట్టుదలగా చేపట్టిన తరువాత, ఫలితాన్ని మార్చే చిల్లర కారణాలు చాలావరకు అదుపులోకి వచ్చాయి. కోడ్‌లోకి దూరే తేదీ, సమయాలకు సోర్స్ డేట్ ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. ఫోల్డర్ పేర్లు డీబగ్ సమాచారంలోకి చేరకుండా ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్ ఫ్లాగు ఉంది. ఫైల్ సిస్టమ్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో ఫైళ్లను లింక్ చేసే అలవాటును, భాషా సెట్టింగును బట్టి మారే అక్షరక్రమాన్ని స్క్రిప్టులో ఒక్క సార్టింగుతో సరిచెయ్యవచ్చు. వీటిని పట్టిచ్చే డిఫోస్కోప్ వంటి సాధనాలు కూడా ఉన్నాయి.

మిగిలింది కంపైలరే. ‘ఒకే సోర్స్, ఒకే సూచనలు, ఒకే వాతావరణం ఉంటే ఒకే ఫలితం’ అన్న నిర్వచనంలో, వాతావరణం అనే ఒక్క మాట వెనుక కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సి లైబ్రరీ, కెర్నల్ హెడర్లు అన్నీ దాక్కున్నాయి. వీటన్నిటినీ కలిపి టూల్‌చెయిన్ అంటున్నాం. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన టూల్‌చెయిన్‌తో సరిపెట్టుకోగలిగినవారు సుఖపడతారు, సరిపెట్టుకోగలిగితే సరిపెట్టుకోమనే నా సలహా కూడా. అయితే కొత్త బోర్డుకు క్రాస్ కంపైల్ (ఒక రకం యంత్రం మీద మరో రకం యంత్రానికి కంపైల్) చెయ్యాల్సిన చోటా, కంపైలర్‌లోని ఒక తప్పును ప్యాచ్‌తో దిద్దుకోవాల్సిన చోటా సొంత టూల్‌చెయిన్ తప్పదు. మూడో కారణం అంత ప్రసిద్ధం కాదు గానీ, ఎక్కువమందికి ఎదురయ్యేది అదే. ఉబుంటు 22.04 మీద సి భాషలో నాలుగు వరుసల హలో వరల్డ్ కంపైల్ చేసి, ఆ బైనరీని ఉబుంటు 20.04 మీద నడిపితే, జీలిబ్‌సి (లినక్స్‌లో మామూలుగా ఉండే సి లైబ్రరీ) 2.34 దొరకలేదంటూ ప్రోగ్రామ్ మొదలు కాకముందే ఆగిపోతుంది. ప్రోగ్రామ్‌లో కొత్త ఫంక్షన్ ఏదీ వాడకపోయినా, మెయిన్‌ను పిలిచే ప్రారంభ ఫంక్షన్‌కే 2.34లో కొత్త వెర్షన్ గుర్తు ఇచ్చారు. కంపైల్ చేసిన యంత్రంలోని జీలిబ్‌సి 2.35 ఆ గుర్తును బైనరీలో ముద్రించింది, పాత యంత్రంలో ఉన్నది 2.31. పాత యంత్రాల మీద నడవాల్సిన బైనరీని పాత జీలిబ్‌సితోనే లింక్ చెయ్యాలి. పాత జీలిబ్‌సి, కొత్త కంపైలర్ కలిసిన జంట చాలా డిస్ట్రిబ్యూషన్లలో సిద్ధంగా దొరకదు కనుక దాన్ని మనమే కట్టుకోవాలి.

కట్టుకున్న తరువాత దాన్ని ఎలా నిర్వహించాలన్న చర్చలో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. ఏ కంపైలర్ వాడాం అన్నది ఒకటి. ఆ కంపైలర్‌ను ఎలా తయారు చేశాం అన్నది రెండోది. దాన్ని తయారు చెయ్యడానికి వాడిన కంపైలర్ ఎక్కడిది అన్నది మూడోది. చాలా జట్లు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి మూడింటికీ చెప్పామనుకుంటాయి. నేనూ కొన్నేళ్లు అలాగే అనుకున్నాను.

మొదటి ప్రశ్నకు సులువైన జవాబు గడ్డకట్టించడం. టూల్‌చెయిన్‌ను ఒక టార్ ఫైల్‌గానో (ఫైళ్ల మూట) డాకర్ ఇమేజ్‌గానో (కంటైనర్ అనే వేరుపరచిన వాతావరణానికి మూస) చుట్టి, దాని హాష్‌ను బిల్డ్ స్క్రిప్టులో రాసేస్తే, ఆ తరువాత ఎవరు బిల్డ్ చేసినా అదే కంపైలర్ వస్తుంది. ఇమేజ్‌ను ట్యాగ్ అనే పేరుతో కాకుండా డైజెస్ట్‌తో, అంటే దాని హాష్‌తో, పేర్కొంటేనే ఈ హామీ నిలుస్తుందన్నది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ట్యాగ్‌ను రేపు మరో ఇమేజ్‌కు తగిలించవచ్చు. ఇమేజ్‌ను కట్టే సూచనలుండే డాకర్‌ఫైల్‌ను రిపోజిటరీలో భద్రపరిచాం కదా అని ధీమా పడేవారు కూడా ఉన్నారు. అందులో ప్యాకేజీల తాజా జాబితా తెచ్చే అప్ట్-గెట్ అప్‌డేట్ అనే వరుస ఉన్నంతకాలం, ఈరోజు కట్టిన ఇమేజ్, ఆరు నెలల తరువాత కట్టిన ఇమేజ్ ఒకటి కావు. కంటైనర్ ఫైళ్లను వేరు చేస్తుందే తప్ప కింద ఉన్న కెర్నల్‌ను, సీపీయూను దాచదు. కాన్ఫిగర్ స్క్రిప్టు సీపీయూ ఏమిటో చూసి ఫ్లాగులు ఎంచుకుంటే, ఉన్న సీపీయూకు తగ్గట్టు కోడ్ పుట్టించమనే ‘ఎం-ఆర్చ్ నేటివ్’ ఫ్లాగు ఎక్కడో ఒక మేక్‌ఫైల్‌లో మిగిలిపోతే, అదే ఇమేజ్ రెండు సర్వర్ల మీద రెండు బైనరీలను ఇస్తుంది.

గడ్డకట్టించడంలో అసలు ఇబ్బంది కరిగించాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఒక ఎంబెడెడ్ ప్రాజెక్టులో మా చేతికి వచ్చిన క్రాస్ కంపైలర్ ఒక టార్ ఫైల్ రూపంలో సర్వర్‌లో పడి ఉండేది. ఫైల్ పేరులో ‘ఫైనల్’ అన్న మాట రెండుసార్లు ఉంది. హాష్ ఉంది, బిల్డ్‌లు ప్రతిసారీ కచ్చితంగా అదే ఫలితం ఇచ్చేవి, ఎవరికీ ఫిర్యాదు లేదు. కొత్త బోర్డు వచ్చి ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతి మార్చాల్సి వచ్చిన రోజున, ఆ కంపైలర్‌ను కట్టినవారు మానేసి చాలాకాలమైందని, దాని మీద వేసిన ప్యాచ్ ఎవరి దగ్గరా లేదని తేలింది. కంపైలర్‌కు ‘వి’ ఫ్లాగు ఇస్తే తనను ఏ ఐచ్ఛికాలతో కాన్ఫిగర్ చేశారో అదే చెప్తుంది కనుక సగం దారి తెలిసింది. మిగతా సగం, అంటే ఆ ప్యాచ్ ఏమిటన్నది, డిస్‌అసెంబ్లీ చూసి ఊహించుకోవాల్సి వచ్చింది. మా బిల్డ్ రీప్రొడ్యూసిబులే, మా టూల్‌చెయిన్ కాదు. ఈ రెండూ వేర్వేరని ఆ వారం రోజుల్లో బాగా తెలిసొచ్చింది.

అందుకే రెండో ప్రశ్నకు జవాబుగా బైనరీని కాక, దాన్ని తయారు చేసే విధానాన్నే భద్రపరచాలి. ఏ వెర్షన్ సోర్స్, దాని హాష్ ఎంత, ఏ వరుసలో ఏ ప్యాచ్‌లు, ఏ ఐచ్ఛికాలు, వీటన్నిటినీ ఏ కంపైలర్‌తో కట్టాలి అన్నదంతా ఒకచోట, ప్రాజెక్టు కోడ్ పక్కనే ఉండాలి. క్రాస్‌టూల్-ఎన్‌జీ, బిల్డ్‌రూట్, యోక్టో ఎంబెడెడ్ రంగంలో ఈ పనికే ఉన్నాయి. నిక్స్, గీక్స్ అనే ప్యాకేజీ మేనేజర్లు దీన్ని తార్కికమైన చివరి మెట్టు దాకా తీసుకెళ్లాయి. నిక్స్‌లో ప్రతి ప్యాకేజీ తన సొంత ఫోల్డర్‌లో ఉంటుంది, ఆ ఫోల్డర్ పేరు మొదట్లో 32 అక్షరాల హాష్ ఉంటుంది. సోర్స్, ప్యాచ్‌లు, బిల్డ్ స్క్రిప్టు, ఆధారపడిన ప్యాకేజీలు, అవి ఆధారపడిన ప్యాకేజీలు అన్నీ ఆ హాష్ లెక్కలోకి వస్తాయి. జీసీసీ మీద ఒక వరుస ప్యాచ్ వేస్తే జీసీసీ ఫోల్డర్ పేరు మారుతుంది, దానితో కంపైల్ అయ్యే ప్రతి ప్యాకేజీ ఫోల్డర్ పేరూ మారుతుంది. వేల ప్యాకేజీలను మళ్లీ కట్టాలి. ఇలాంటి మార్పులను కూడబెట్టి ఒక్కసారిగా కట్టడానికి నిక్స్ ప్యాకేజీల రిపోజిటరీలో స్టేజింగ్ అనే ప్రత్యేక బ్రాంచి నడుపుతున్నారు. కంపైలర్ కూడా సోర్స్ కోడ్ లాంటి ఒక ముడిసరుకే అని నిజంగా నమ్మితే చెల్లించాల్సిన ఖర్చు ఇది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. నిక్స్ ఫోల్డర్ పేరులోని హాష్ మామూలుగా ముడిసరుకుల హాష్, ఫలితం హాష్ కాదు. ఫోల్డర్ పేర్లు కలిసినంత మాత్రాన లోపలి ఫైళ్లు బైట్ బైట్‌కూ కలుస్తాయన్న హామీ లేదు. బిల్డ్ సమయంలో ఏ ప్రోగ్రామ్ అయినా యాదృచ్ఛిక సంఖ్యను ఫైల్‌లోకి రాస్తే, ఒకే పేరున్న ఫోల్డర్లు రెండు యంత్రాల మీద వేర్వేరుగా ఉండగలవు. నిజంగా కలిశాయా అన్నది మళ్లీ కట్టి పోల్చితేనే తేలుతుంది, గీక్స్‌లో ఆ పోలికకు ఛాలెంజ్ అనే ఆదేశమే ఉంది.

మరి కంపైలర్ బైనరీ కూడా బైట్ బైట్‌కూ కలిసి తీరాలా? జీసీసీని మామూలుగా కట్టే తీరు దీనికి సగం జవాబు చెప్తుంది. యంత్రంలో ఉన్న పాత కంపైలర్‌తో మొదటి అంచె కడతారు. ఆ మొదటి అంచెతో అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేసి రెండో అంచె కడతారు, రెండోదానితో మూడోది. తరువాత రెండు, మూడు అంచెల ఆబ్జెక్ట్ ఫైళ్లను పోల్చుతారు, కలవకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. మొదటి అంచె బైనరీ, కట్టిన కంపైలర్‌ను బట్టి మారవచ్చు. కానీ అది అమలు చేసే తర్కం జీసీసీ సోర్స్‌లో రాసిందే కనుక, అది పుట్టించే రెండో అంచె ఆ సోర్స్ మీదే ఆధారపడుతుంది. కట్టినవాడి ఛాయ రెండో అంచె నాటికి చెరిగిపోవాలన్నది ఇందులోని ఆలోచన.

క్రాస్ కంపైలర్‌కు ఈ సౌకర్యం లేదు. ఎక్స్86 యంత్రం మీద నడుస్తూ ఆర్మ్ కోడ్ పుట్టించే కంపైలర్ తనను తాను ఆ యంత్రం కోసం కంపైల్ చేసుకోలేదు కదా. బైన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ ఉండే ప్యాకేజీ), కెర్నల్ హెడర్లు, సి లైబ్రరీ లేని మొదటి విడత జీసీసీ, దానితో జీలిబ్‌సి, ఆ జీలిబ్‌సి ఆధారంగా రెండో విడత జీసీసీ అనే వరుసలో దాన్ని కడతారు. కంపైలర్ ఎగ్జిక్యూటబుల్ మటుకు యంత్రంలోని కంపైలర్ చేతిలో ఒక్కసారే పుడుతుంది, కనుక యంత్రం మారితే అదీ మారవచ్చు. దాని వల్ల ప్రమాదం తక్కువే, ఎందుకంటే తర్కం ఒకటే కనుక అది పుట్టించే కోడ్ మారకూడదు. జాగ్రత్త పడాల్సింది టూల్‌చెయిన్‌తో పాటు తయారయ్యే లైబ్రరీల విషయంలో. జీసీసీ సహాయక లైబ్రరీ అయిన లిబ్‌జీసీసీ, ప్రారంభ ఆబ్జెక్ట్ ఫైళ్లు, సి ప్లస్ ప్లస్ లైబ్రరీ మన బైనరీలోకి నేరుగా వచ్చి కలుస్తాయి. అవి పనిముట్లలా కనిపిస్తాయి గానీ నిజానికి మన ఉత్పత్తిలో భాగం.

బిట్‌కాయిన్‌కు ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ ప్రాజెక్టులో ఇది ఎంత సూక్ష్మంగా బయటపడిందో చూడవచ్చు. ఆ ప్రాజెక్టు 2021లో వచ్చిన 22.0 నుంచి తన విడుదలలను గీక్స్‌తో కడుతోంది. అంతకుముందు గిటియన్ అనే పద్ధతిలో ఉబుంటు వర్చువల్ మెషీన్ తెరిచి, అందులో ఉబుంటు ఇచ్చిన కంపైలర్‌తో కట్టేవారు. ఫలితాలు కలిసేవి గానీ, ఆ కంపైలర్ బైనరీ మీద అందరూ ఉమ్మడిగా నమ్మకం ఉంచాల్సి వచ్చేది. ఇప్పుడు గీక్స్‌ను ఒక నిర్దిష్టమైన కమిట్ దగ్గర నిలిపి, లినక్స్, విండోస్, మ్యాక్‌లకు కావలసిన క్రాస్ టూల్‌చెయిన్‌లను అక్కడి నుంచే కడుతున్నారు. పలువురు స్వతంత్రంగా బిల్డ్ చేసి, తమకు వచ్చిన హాష్‌ల మీద సంతకం చేసి ప్రకటిస్తారు. ఎక్స్86 యంత్రం మీద కట్టినా ఆర్మ్ యంత్రం మీద కట్టినా ఫలితం ఒకటే కావాలని వారు పట్టుబట్టినప్పుడు చిక్కు వచ్చింది. లిబ్‌జీసీసీ డీబగ్ సమాచారంలోకి గీక్స్ స్టోర్ (గీక్స్ ప్యాకేజీలన్నీ ఉండే చోటు) ఫోల్డర్ల పేర్లు చేరుతున్నాయి. ఆ పేర్లలో హాష్ ఉంది, ఒకే ప్యాకేజీకి అయినా బిల్డ్ యంత్రం రకాన్ని బట్టి ఆ హాష్ మారుతుంది. కోడ్‌లో తేడా లేకపోయినా, దాన్ని కట్టిన చోటు పేరు వల్ల బైట్లు మారాయి. దానికి విరుగుడుగా, జీసీసీ తన లైబ్రరీలను కంపైల్ చేసేటప్పుడు స్టోర్ ఫోల్డర్ల పేర్లన్నిటినీ స్లాష్ యూఎస్ఆర్ అనే స్థిరమైన పేరుకు మార్చేలా ఒక చిన్న ప్యాచ్‌ను జీసీసీకే వేశారు. మార్పులను పసిగట్టడానికి ఫోల్డర్ పేరులో పెట్టిన హాష్, తానే ఒక మార్పుగా బైనరీలోకి దూరడం ఇందులోని తమాషా.

సోర్స్ డౌన్‌లోడ్‌ల గురించి ఒక్క మాట. 2023 జనవరి 30న గిట్‌హబ్ తన ఆర్కైవ్‌లను కుదించే పద్ధతి మార్చింది. లోపలి ఫైళ్లు అవే, కుదించిన టార్ ఫైళ్ల హాష్‌లు మాత్రం మారాయి. ఆ హాష్‌లను రాసిపెట్టుకున్న బిల్డ్‌లు ప్రపంచవ్యాప్తంగా ఆగిపోయాయి, గిట్‌హబ్ వెంటనే మార్పును వెనక్కి తీసుకుంది. టూల్‌చెయిన్ సోర్స్‌లకు మీ సొంత ప్రతి ఒకటి ఉంచుకోండి.

మూడో ప్రశ్న మిగిలింది. పెరుగు కావాలంటే పాలలో తోడు వెయ్యాలి, ఆ తోడు నిన్నటి పెరుగు, నిన్నటి పెరుగుకు మొన్నటిది. జీసీసీని కట్టడానికి సి ప్లస్ ప్లస్ కంపైలర్ కావాలి, ఆ కంపైలర్‌ను కట్టడానికి మరొకటి. తోడులో దోషం ఉంటే ఇంట్లో పాలు ఎంత చిక్కనివైనా ప్రతి రోజూ అదే దోషం వస్తుంది. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ అవార్డు స్వీకార ప్రసంగంలో చెప్పింది సరిగ్గా ఇదే, అది 1984లో అచ్చయింది. లాగిన్ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేస్తున్నానని గుర్తించినప్పుడు దొంగదారి చేర్చే కంపైలర్‌ను, కంపైలర్‌నే కంపైల్ చేస్తున్నానని గుర్తించినప్పుడు ఈ రెండు ఉపాయాలనూ మళ్లీ చేర్చే కంపైలర్‌ను ఆయన వర్ణించారు. ఆ తరువాత సోర్స్‌లో నుంచి ఆ వరుసలను తీసేసినా దోషం బైనరీ నుంచి బైనరీకి సాగిపోతుంది. సోర్స్ ఎంతమంది చదివినా కనిపించదు.

ఇది పుస్తకాల్లోని భయం మాత్రమే కాదని 2015లో ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ చూపించింది. యాపిల్ సర్వర్ల నుంచి ఎక్స్‌కోడ్ (యాపిల్ పరికరాలకు యాప్‌లు కట్టే సాధనం) దిగడానికి చాలాసేపు పడుతోందని చైనాలో కొందరు డెవలపర్లు బైడు ఫైల్ షేరింగ్ నుంచి తీసుకున్న ప్రతిలో ఎవరో మార్పులు చేశారు. దానితో కట్టిన యాప్‌లలో, వీచాట్ ఒక వెర్షన్‌తో సహా, డెవలపర్‌కు తెలియకుండానే అదనపు కోడ్ చేరి యాప్ స్టోర్ దాకా వెళ్లింది. ఆ ప్రతి హాష్‌ను స్క్రిప్టులో రాసి గడ్డకట్టించుకుని ఉంటే, బిల్డ్‌లు ప్రతిసారీ కచ్చితంగా ఒకే రకమైన దోషంతో వచ్చేవి.

థాంప్సన్ చిక్కుకు డేవిడ్ వీలర్ 2005లో ఒక పరీక్షను క్రమబద్ధం చేశారు. అనుమానం ఉన్న కంపైలర్ సోర్స్‌ను, దానితో సంబంధం లేని మరో కంపైలర్‌తో కంపైల్ చెయ్యాలి. అలా వచ్చిన కంపైలర్‌తో అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చెయ్యాలి. రెండోసారి వచ్చిన బైనరీ, మన దగ్గరున్న అనుమానిత బైనరీతో బైట్ బైట్‌కూ కలిస్తే, రెండు కంపైలర్లలోనూ ఒకే కుట్ర ఉంటే తప్ప, అందులో దాగిన దోషం లేదు. పెరుగుతో పోలిక ఇక్కడ చెల్లదు, పక్కింటి తోడు వేసిన పెరుగు మన పెరుగులా రుచించదు. కంపైలర్ విషయంలో రెండో తరం ఫలితం సోర్స్‌ను బట్టే ఉండాలి కనుక పోలిక సాధ్యమవుతుంది. అయితే కంపైలర్ బిల్డ్ రీప్రొడ్యూసిబుల్ అయితేనే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది. వీలర్ టైనీ సీసీ అనే చిన్న కంపైలర్ మీద ప్రయోగించినప్పుడు మొదట ఫలితాలు కలవలేదు. కారణాల్లో ఒకటి కుట్ర కాదు, 10 బైట్ల లాంగ్ డబుల్ సంఖ్యను 12 బైట్ల చోటులో రాస్తూ మిగిలిన 2 బైట్లలో ఏదో చెత్తను వదిలేసే పొరపాటు.

తోడు లేనప్పుడు గోరువెచ్చని పాలలో ఎండుమిరప తొడిమలు వేసి పెరుగు చేసుకునే ఇళ్లు మనకు తెలుసు. గీక్స్ వారు 2023లో కంపైలర్‌కు అలాంటి దారే వేశారు. అంతకుముందు కొన్నేళ్ల క్రితం దాకా సుమారు 250 మెగాబైట్ల సిద్ధమైన బైనరీలతో మొదలయ్యే వారి ప్యాకేజీల గొలుసు, ఇప్పుడు 357 బైట్ల ఒక చిన్న ప్రోగ్రామ్‌తో మొదలవుతుంది. హెక్స్ అంకెల్లో రాసిన కోడ్‌ను బైట్లుగా మార్చడమే దాని పని, ఓపిక ఉన్న మనిషి ఒక్కో బైట్‌నూ వేలు పెట్టి చదవగలడు. దానితో కొంచెం పెద్ద అసెంబ్లర్, దానితో సి భాషలో కొంత భాగం తెలిసిన చిన్న కంపైలర్, దాని మీద మెస్ అనే స్కీమ్ ఇంటర్‌ప్రెటర్, మెస్‌తో వచ్చే సి కంపైలర్, దానితో టైనీ సీసీ, దానితో 2001 నాటి జీసీసీ 2.95.3, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా నేటి జీసీసీ వస్తాయి. పాతికేళ్ల నాటి వెర్షన్ మధ్యలో ఎందుకంటే, 2013లో వచ్చిన 4.8 నుంచి జీసీసీని కట్టాలంటేనే సి ప్లస్ ప్లస్ కంపైలర్ ఉండాలి. కేవలం సి తెలిసిన చిన్న కంపైలర్‌కు అందేది పాత జీసీసీయే. సొంత టూల్‌చెయిన్‌ను గీక్స్ మీద కట్టుకున్నవారికి ఈ గొలుసు ఉచితంగా వస్తుంది. మీరు వేసిన ప్యాచ్ ఆ గొలుసులో చివరి కొక్కెం మాత్రమే.

అయినా గొలుసు కింద నేల ఇంకా పూర్తిగా కనబడదు. ఆ 357 బైట్ల ప్రోగ్రామ్ గాలిలో నడవదు, దాని కింద ఇప్పటికే కంపైల్ అయిన లినక్స్ కెర్నల్ ఉంది. బిల్డ్ మెట్లను నడిపించడానికి గీక్స్ దాదాపు 25 మెగాబైట్ల గైల్ ఇంటర్‌ప్రెటర్ బైనరీని ఇంకా వాడుతోంది. బిట్‌కాయిన్ కోర్‌ను మ్యాక్ కోసం కట్టేవారు యాపిల్ ఎస్‌డీకేను (మ్యాక్ ప్రోగ్రామ్‌లు కట్టడానికి కావలసిన హెడర్లు, లైబ్రరీల కట్టను) ఎక్స్‌కోడ్ నుంచి ఎవరికి వారే తీసుకోవాలి, ఎందుకంటే దాన్ని ఇంకొకరికి పంచే లైసెన్సు లేదు. మిగతా ముడిసరుకులన్నీ మూలం నుంచి కట్టినవే అయినా, ఆ ఒక్క ఫోల్డర్‌కు మాత్రం స్క్రిప్టులో హాష్ రాసి ఊరుకోవాల్సిందే.